14/21 దగ్గర ఆగకూడదు: భిన్నాన్ని కనిష్ఠ రూపానికి తేవడం, సమాన భిన్నాలు కనుక్కోవడం

మీరు అడిగినదాంట్లో మూడు చిక్కులున్నాయి. ఆరో తరగతి చదివే మీ అమ్మాయి 84/126ని కనిష్ఠ రూపంలో రాయమంటే 14/21 దగ్గర ఆపేసి, "ఒకటి సరి, ఒకటి బేసి, ఇంక పోదు" అంది. 2/3, 4/6 సమానమంటే ఒప్పుకోవడం లేదు, 4, 6 పెద్దవి కదా అంటోంది. 6/9 = ?/12 అని ఇస్తే 9ని దేనితో గుణిస్తే 12 వస్తుందో తెలియక వదిలేస్తోంది. ఈ మూడూ వేర్వేరు పాఠాలు కావు. మధ్యలో ఉన్న సందేహం తీరితే మిగతా రెండూ వాటంతట అవే దారికొస్తాయి. అందుకే దాంతోనే మొదలుపెడతాను.

నోటుపుస్తకంలో స్కేలుతో 6 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం గీయించండి. పొడవు వైపు 2 సెం.మీ.కి ఒకటి చొప్పున రెండు నిలువు గీతలు గీస్తే మూడు సమాన భాగాలవుతాయి. అందులో రెండింటికి రంగు వేయించండి. రంగు వేసింది మొత్తంలో 2/3. ఇప్పుడు రంగు జోలికి పోకుండా, సరిగ్గా మధ్యలో, అంటే 2 సెం.మీ. ఎత్తున ఒక అడ్డగీత గీయమనండి. గళ్ళు ఆరయ్యాయి, రంగున్నవి నాలుగయ్యాయి. అది 4/6. ఇంకో రెండు అడ్డగీతలు 1 సెం.మీ., 3 సెం.మీ. ఎత్తుల్లో గీస్తే 12 గళ్ళు, రంగున్నవి 8. అది 8/12. రంగు ఉన్న చోటు మాత్రం మొదటి నుంచీ 16 చదరపు సెం.మీ.లే, మొత్తం 24 చదరపు సెం.మీ.లే. కొలిచి చూసుకోమనండి. అందువల్ల 16/24 కూడా అదే భిన్నం.

పెరిగింది ముక్కల లెక్క. ముక్క చిన్నదైంది కాబట్టి మొత్తం మారలేదు. ప్రతి గడినీ రెండుగా కోస్తే రంగున్నవీ రెట్టింపవుతాయి, మొత్తం గళ్ళూ రెట్టింపవుతాయి. అందుకే లవాన్నీ హారాన్నీ ఒకే సంఖ్యతో గుణించాలి. సమాన భిన్నం అంటే ఇంతే. గీసిన గీతను చెరిపేస్తే 4/6 మళ్ళీ 2/3 అవుతుంది. కనిష్ఠ రూపం అంటే చెరపగలిగిన గీతలన్నీ చెరిపేశాక మిగిలేది. ఒకటి గీత గీయడం, ఇంకొకటి గీత చెరపడం. ఈ ఒక్క మాట పాపకు పట్టుబడితే తక్కువ శ్రమతో చాలా దూరం వెళ్తుంది.

బొమ్మకు వృత్తం ఎందుకు వాడలేదంటే, వృత్తాన్ని మూడు సమాన ముక్కలుగా చేత్తో గీయడం పెద్దవాళ్ళకే కుదరదు. ముక్కలు సమానంగా లేకపోతే 2/3 అన్న మాటకే అర్థం ఉండదు. అలాగే రెండు భిన్నాలనూ ఒకే సైజు బొమ్మ మీద చూపించాలి. పెద్ద కాగితంలో 2/3, చిన్న కాగితంలో 4/6 పక్కపక్కన పెడితే పిల్లలు ముక్కల సైజు చూసి సమానం కాదంటారు, వాళ్ళు అన్నది నిజం కూడా.

ఇక్కడే రెండు పొరపాట్లు పుడతాయి. మొదటిది, 2/3 × 2 = 4/6 అని రాయడం. భిన్నాన్ని 2తో గుణిస్తే 4/3 వస్తుంది, విలువ రెట్టింపవుతుంది. లవహారాలు రెండింటినీ 2తో గుణించడమంటే 2/2తో, అంటే 1తో గుణించడం. 1తో గుణిస్తే విలువ మారదు కనుకే 4/6 సమాన భిన్నం అవుతుంది. కొన్నాళ్ళపాటు పుస్తకంలో

2/3 × 2/2 = 4/6

అని పూర్తిగా రాయించండి. పైన ఒక ×2, కింద ఒక ×2 బాణాలు వేసే అలవాటు తప్పు కాదు. కానీ 1తో గుణిస్తున్నామన్న సంగతి ఆ బాణాల్లో కనపడదు.

రెండో పొరపాటు, గుణించడానికి బదులు కూడడం. 2/3కి పైన 1, కింద 1 కలిపి 3/4 అంటారు. హారం 12 చేసి చూపించండి: 2/3 అంటే 8/12, 3/4 అంటే 9/12. సమానం కాదు. 1 కంటే చిన్న భిన్నానికి పైనా కిందా ఒకే సంఖ్య కలిపితే విలువ పెరుగుతుంది. 2/3కి పది పది కలిపితే 12/13, దాదాపు 1. తీసివేసినా ఇదే గొడవ, విలువ మారిపోతుంది.

ఇప్పుడు 14/21 సంగతి. సరి, బేసి అన్నవి 2 గురించి మాత్రమే చెబుతాయి. ఒకటి బేసి అయితే 2తో పోదని తెలుస్తుంది, అంతే. 3, 5, 7, 11, 13 గురించి అవి ఏమీ చెప్పవు. 9/15లో రెండూ బేసే, అయినా 3తో పోయి 3/5 అవుతుంది. మరి ఇంకా ఏ సంఖ్యతో పోతుందో ఎలా పట్టుకోవాలి? ఎక్కాలన్నీ వరసగా ప్రయత్నించడం కంటే నమ్మకమైన దారి ఒకటుంది: రెండు సంఖ్యల తేడా చూడటం.

ఏదైనా సంఖ్య లవాన్నీ హారాన్నీ శేషం లేకుండా భాగిస్తే, వాటి తేడానూ భాగించి తీరాలి. కారణం కష్టమైనది కాదు. 14లో రెండు ఏడులు, 21లో మూడు ఏడులు ఉన్నాయి. మూడు ఏడుల్లోంచి రెండు ఏడులు తీస్తే మిగిలేదీ ఏడుల లెక్కలోనే ఉంటుంది. కాబట్టి ఉమ్మడి భాజకం కోసం ప్రపంచంలోని సంఖ్యలన్నీ వెతకక్కర్లేదు, తేడాకు ఉన్న భాజకాల్లో వెతికితే చాలు. 21 − 14 = 7. ఏడుకు 1, 7 తప్ప భాజకాల్లేవు. అంటే పోతే 7తో పోవాలి, లేదా అసలు పోదు. 14, 21 రెండూ ఏడో ఎక్కంలో ఉన్నాయి, కాబట్టి 2/3.

అసలు లెక్కలోనే ఈ పని చేసి ఉంటే ఒక్క అడుగులో అయిపోయేది. 126 − 84 = 42. 84 అంటే రెండు 42లు, 126 అంటే మూడు 42లు. 84/126 = 2/3.

పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది 13, 17, 19 దాగి ఉన్న భిన్నాల దగ్గర, ఎందుకంటే ఆ ఎక్కాలు నోటికి రావు. తేడా తీస్తే ఆ సంఖ్య బయటపడుతుంది.

57/76: తేడా 19. 57 = 19 × 3, 76 = 19 × 4. జవాబు 3/4.
39/52: తేడా 13. జవాబు 3/4.
51/85: తేడా 34 = 2 × 17. రెండూ బేసి కనుక 2 పనికిరాదు, 17 చూడాలి. 51 = 17 × 3, 85 = 17 × 5. జవాబు 3/5.
91/119: తేడా 28 = 2 × 2 × 7. బేసి సంఖ్యలు కనుక మిగిలింది 7. 91 = 7 × 13, 119 = 7 × 17. జవాబు 13/17.

తేడా 1 అయితే చూడాల్సిన పనే లేదు. 27/28, 99/100 లాంటివి ఎప్పటికీ తగ్గవు. తేడా 2 ఉండి రెండూ బేసి అయినా అంతే. 35/37 అలాగే ఉంటుంది.

ఒక హెచ్చరిక. తేడాకు ఉన్న భాజకం కచ్చితంగా పోతుందని కాదు, పోయేది ఉంటే అక్కడే ఉంటుందని మాత్రమే. 65/72 తేడా 7. కానీ 65 ఏడో ఎక్కంలో లేదు. కాబట్టి 65/72 ఇప్పటికే కనిష్ఠ రూపంలో ఉంది. తేడా రాగానే దాంతో భాగించేయకుండా, రెండు సంఖ్యల్లో ఒకదాన్ని భాగించి చూడాలి. ఒకదాన్ని భాగిస్తే రెండోదాన్నీ భాగిస్తుంది, కాబట్టి చిన్నదాన్ని పరీక్షిస్తే సరిపోతుంది.

తేడా కూడా పెద్దగా వచ్చి దాని భాజకాలు వెంటనే తోచకపోతే, అదే పనిని మళ్ళీ చేయాలి: చిన్న సంఖ్య, తేడా, ఈ రెండింటి మీద. 391/667 చూడండి. 2, 3, 5, 7, 11, 13 ఏవీ పనిచేయవు. ఓపిక ఉన్న పిల్లలు కూడా ఇక్కడ వదిలేస్తారు.

667 − 391 = 276
391 − 276 = 115
276 − 115 − 115 = 46
115 − 46 − 46 = 23
46 − 23 − 23 = 0

సున్నా రావడానికి ముందు మిగిలిన 23 గరిష్ఠ సామాన్య భాజకం. 391 ÷ 23 = 17, 667 ÷ 23 = 29. జవాబు 17/29. ఇది పాఠ్యపుస్తకంలో నిరంతర భాగహార పద్ధతిగా వచ్చేదే, గ్రీకు గణితవేత్త యూక్లిడ్ పేరుతోనూ పిలుస్తారు. పదే పదే తీసివేయడాన్ని కుదించి ఒకేసారి భాగిస్తే ఆ రూపం వస్తుంది. లవం బాగా చిన్నదై హారం చాలా పెద్దదైనప్పుడు తీసివేతలు వద్దు, నేరుగా భాగించి శేషం చూడాలి. 34/255లో 255ని 34తో భాగిస్తే 7 సార్లు పోయి శేషం 17. 34లో 17 రెండుసార్లు పోతుంది. కాబట్టి గ.సా.భా. 17, జవాబు 2/15. ఇలా చేసుకుంటూ వెళ్తే చివరికి 1 మిగిలిందంటే, అది ఇంక తగ్గని భిన్నమని రుజువు. "నాకు ఏదీ తోచలేదు" అనడం వేరు, "గ.సా.భా. 1" అనడం వేరు. మొదటిది ఊహ, రెండోది జవాబు. ఇంగ్లిష్ మీడియం పిల్లలు హెచ్‌సీఎఫ్ అనేది ఈ గ.సా.భా.నే, రెండూ వేరనుకుని కంగారు పడకూడదు.

పరీక్షలో "ప్రధాన కారణాంకాల ద్వారా" అని అడిగితే ఆ పద్ధతిలోనే చేయాలి:

84 = 2 × 2 × 3 × 7
126 = 2 × 3 × 3 × 7

పైన ఒకటి, కింద ఒకటి చొప్పున జతలుగా కొట్టేయాలి. పైన ఉన్న రెండు 2లనూ కింద ఉన్న ఒక్క 2తో కొట్టేయడం పిల్లల నోటుపుస్తకాల్లో తరచూ కనిపించే తప్పు. ఇక్కడ ఒక 2, ఒక 3, ఒక 7 పోయి పైన 2, కింద 3 మిగులుతాయి. కొట్టేసినవాటి లబ్ధం 2 × 3 × 7 = 42. తేడా పద్ధతిలో వచ్చింది అదే కదా, కాబట్టి ఒక పద్ధతితో చేసి రెండోదాంతో సరిచూసుకోవచ్చు.

రోజువారీ లెక్కల్లో మాత్రం నేను చెప్పే వరస ఇది. ముందు చివరి సున్నాలు చూడాలి. తర్వాత రెండూ సరి సంఖ్యలేమో చూసి 2తో కొట్టాలి. ఆపైన అంకెల మొత్తం చూసి 3 పోతుందో లేదో తేల్చాలి, చివర 0 గానీ 5 గానీ ఉంటే 5 చూడాలి. ఈ నాలుగూ క్షణాల్లో అయ్యేవి. వాటి తర్వాత తేడా తీయాలి. 7కి, 13కి భాజనీయతా సూత్రాలు ఉన్నాయి గానీ ఈ పనికి వాటిని బట్టీ పట్టించడం అనవసరం. తేడా తీయడం అంతకన్నా సులువు, పొరపాట్లూ తక్కువ.

సున్నాల దగ్గర జాగ్రత్త. చివరి సున్నాలనే, పైనా కిందా సమానంగా కొట్టాలి. 400/5000లో పై రెండు సున్నాలతో కింద రెండే పోతాయి: 4/50, తర్వాత 2/25. మధ్యలో ఉన్న సున్నాను ముట్టుకోకూడదు. 105/205లో మధ్య సున్నాలు కొట్టేసి 15/25 అనేవాళ్ళున్నారు. అసలు జవాబు 5తో భాగిస్తే వచ్చే 21/41.

అంకెలు కొట్టేయడం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే కొన్నిసార్లు సరైన జవాబే వస్తుంది. 16/64లో రెండు 6లనూ కొట్టేస్తే 1/4, అది నిజంగానే 1/4. 26/65, 19/95, 49/98 కూడా అంతే. ఒకసారి అలా సరిపోతే పాప దాన్ని నియమం అనుకుంటుంది. అప్పుడు 13/39 ఇచ్చి చూడండి. 3లు కొట్టేస్తే 1/9 వస్తుంది, అసలు జవాబు 1/3. 16లోని 6 కారణాంకం కాదు, ఒకట్ల స్థానంలో ఉన్న అంకె. కొట్టేయడానికి అర్హత ఉన్నది గుణకారంలో ఉన్న సంఖ్యకే.

ఈ మాట పై తరగతుల్లో మరీ అవసరం. (3 + 5)/(3 + 7)లో 3లు కొట్టేసి 5/7 అంటే తప్పు. అది 8/10, అంటే 4/5. కూడిక గుర్తు కనిపిస్తే కొట్టివేత ఆపాలి. బీజగణితంలోకి వెళ్ళాక ఎంతోమంది పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఈ ఒక్క తప్పుతోనే.

కొట్టేసిన చోట ఏమీ రాయకపోవడం ఇంకో అలవాటు. 7/21లో 7ని కొట్టేసి, 21 మీద 3 రాసి, జవాబు 3 అంటారు. ఇంకొందరు 0/3 అంటారు. 7ని 7తో భాగిస్తే 1 వస్తుంది, మాయమవదు. కొట్టిన ప్రతి సంఖ్య పైనా కొత్త సంఖ్య, అది 1 అయినా సరే, రాసి తీరాలని నియమం పెట్టండి. లవాన్ని ఒకదాంతో, హారాన్ని ఇంకొకదాంతో భాగించే తప్పు కూడా దీంతోనే పట్టుబడుతుంది. 12/18లో పైన 2తో భాగించి 6, కింద 3తో భాగించి 6 రాస్తే 6/6, అంటే 1 అవుతుంది; 12/18 సగం కంటే కొంచెమే ఎక్కువ, అది 1 ఎలా అవుతుందని పాపనే అడగండి.

ఇక ఖాళీలు నింపే లెక్కలు. 5/8 = ?/72 లాంటిది సూటిగా వస్తుంది: 72 ÷ 8 = 9, 5 × 9 = 45. 6/9 = ?/12 దగ్గర 12ని 9 భాగించదు, అందుకే మీ అమ్మాయి ఆగిపోయింది. ఇలాంటప్పుడు ముందు కనిష్ఠ రూపానికి దిగాలి, అక్కడి నుంచి మళ్ళీ ఎక్కాలి. 6/9 = 2/3. 12 ÷ 3 = 4, 2 × 4 = 8. కాబట్టి 8/12. బొమ్మలో చెప్పాలంటే, తొమ్మిది ముక్కలను నేరుగా పన్నెండు చేయలేం. గీతలు చెరిపి మూడు చేసి, ఆ మూడింటినీ నాలుగేసి చొప్పున కోస్తే పన్నెండు అవుతాయి.

దీని వెనక ఉన్న నియమం గట్టిది: ఒక భిన్నానికి ఉన్న సమాన భిన్నాలన్నీ దాని కనిష్ఠ రూపం నుంచే పుడతాయి. 2/3కి సమానమైన ఏ భిన్నంలోనైనా హారం 3కి గుణిజమే అయి ఉంటుంది. అందుకే 7/12ను 30 హారంతో రాయమంటే పూర్ణాంకం రాదు. 12, 30ని భాగించదు, 7/12 ఇక తగ్గదు. లెక్కగడితే లవం 17½ అవుతుంది.

నవోదయ, గురుకుల ప్రవేశ పరీక్షలకు చదివే పిల్లలకు ఈ నియమం ఇంకో రకం ప్రశ్నలో పనికొస్తుంది. "3/5కి సమానమైన భిన్నంలో లవహారాల మొత్తం 56. ఆ భిన్నం ఏది?" 3 + 5 = 8, 56 ÷ 8 = 7, కాబట్టి 21/35. మొత్తానికి బదులు తేడా ఇచ్చినా పద్ధతి అదే: 4/9కి సమానం, తేడా 35 అంటే, 9 − 4 = 5, 35 ÷ 5 = 7, జవాబు 28/63. ఇచ్చిన భిన్నం 6/10 లాంటిదైతే ముందు 3/5 చేసుకోవడం మరిచిపోకూడదు. మొత్తం 56 అంటే 16తో భాగించి 3½ దగ్గర చిక్కుకుంటారు.

పుస్తకం బయట ఇది ఎక్కడ కావాలంటే, భూమి లెక్కలో చూడండి. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు. 16 గుంటలు ఎన్ని సెంట్లు అంటే అడిగింది 16/40 = ?/100 అనే. 40 నుంచి 100కి పూర్ణాంకంతో వెళ్ళలేం, కాబట్టి 16/40 = 2/5 చేసి, 2/5 = 40/100. నలభై సెంట్లు. 10 గుంటలు పావు ఎకరం, 25 సెంట్లు. 15 గుంటలు మాత్రం 3/8 ఎకరం. 8, 100ని భాగించదు కాబట్టి 37½ సెంట్లు. గుంటలు సరి సంఖ్యలో ఉంటే సెంట్లు పూర్ణాంకంలో వస్తాయి, బేసి అయితే అర సెంటు తగులుతుంది. కారణం హారంలోనే ఉంది. 40 = 8 × 5. లవం బేసి అయితే ఆ 8 పోదు, 100లో 8 పోదు.

పాత రూపాయి కథా ఇదే. రూపాయికి 16 అణాలు. పావలా 4/16, అంటే 1/4, అంటే 25/100. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చినప్పుడు పావలా, అర్ధరూపాయి సరిగ్గా 25, 50 నయాపైసలకు సరిపోయాయి. అణా మాత్రం 6¼ నయాపైసలైంది, బేడ, అంటే రెండణాలు, 12½ అయింది. 1/16, 1/8 కనిష్ఠ రూపాలు; 16 గానీ 8 గానీ 100ని భాగించవు. బంగారం మీద 916 ముద్ర కూడా ఇలాంటిదే: 22 క్యారెట్లంటే 22/24, అంటే 11/12, వెయ్యికి సుమారు 916.67. 18 క్యారెట్లు 18/24, అంటే 3/4, కాబట్టి సరిగ్గా 750.

రెండు భిన్నాలు సమానమా అని అడిగితే చాలామంది వెంటనే అడ్డ గుణకారం చేయిస్తారు. 35/84, 40/96 తీసుకుంటే 35 × 96 = 3360, 84 × 40 = 3360, సమానం. జవాబు సరైనదే. కానీ ఆరో తరగతిలో దీన్ని మొదటి పద్ధతిగా నేర్పడం నాకు సమ్మతం కాదు. ఎందుకు పనిచేస్తుందో పిల్లలకు తెలియదు, తర్వాత కూడికలో, గుణకారంలో కూడా అడ్డంగా గుణించేస్తారు. రెండింటినీ కనిష్ఠ రూపానికి తెస్తే రెండూ 5/12 అని కళ్ళకు కనిపిస్తుంది. అడ్డ గుణకారం అంటే రెండు భిన్నాలకూ 84 × 96 అనే ఒకే హారం పెట్టి లవాలను పోల్చడమేనని అర్థమయ్యాక, సరిచూసుకోవడానికి హాయిగా వాడుకోవచ్చు.

మిశ్రమ భిన్నంలో పూర్ణాంకం జోలికి వెళ్ళకూడదు. 2 6/8 అంటే 2 3/4, అందులో 2 అలాగే ఉంటుంది. దాన్ని కూడా సగం చేసి 1 3/4 రాసేవాళ్ళున్నారు. 18/12 లాంటి అపక్రమ భిన్నాన్ని ముందు తగ్గించి 3/2 చేసినా, ముందు 1 6/12 చేసి తర్వాత తగ్గించినా చివరికి 1 1/2 వస్తుంది. ముందే తగ్గిస్తే సంఖ్యలు చిన్నవవుతాయి.

తగ్గించకూడని సందర్భం కూడా ఒకటుంది, అది కూడిక మధ్యలో. 5/12 + 7/18లో హారాల కనిష్ఠ సామాన్య గుణిజం (క.సా.గు.) 36: 15/36 + 14/36. కనిష్ఠ రూపం బాగా వంటబట్టిన పిల్లలు ఇక్కడ 15/36ని చూసి ఆపుకోలేక 5/12 చేసేస్తారు, మొదలుపెట్టిన చోటికే తిరిగొస్తారు. హారాలు ఒకటి చేసింది ముక్కలన్నీ ఒకే సైజుకి రావాలని. కూడాకే తగ్గింపు చూడాలి: 29/36. 29 ప్రధాన సంఖ్య, 36 దాని గుణిజం కాదు, కాబట్టి పని పూర్తయింది. లవం ప్రధాన సంఖ్య అయినప్పుడు చూడాల్సింది ఈ ఒక్కటే. అయితే ప్రధాన సంఖ్య కనబడగానే అక్కడ ఆగకూడదు; 13/52లో 52 = 13 × 4, అది 1/4.

గుణకారంలో దీనికి తలకిందులు, ముందే కొట్టేయడం మేలు. 14/15 × 25/28లో 14తో 28 పోయి కింద 2, 15తో 25 పోయి కింద 3, పైన 5 మిగులుతాయి. జవాబు 5/6. అన్నీ గుణించి 350/420 చేసి తగ్గించినా అదే వస్తుంది, శ్రమ మాత్రం రెట్టింపు. భాగహారమైతే రెండో భిన్నాన్ని తిరగేశాకే కొట్టాలి, ముందు కొడితే తప్పు జతలు పోతాయి.

పై తరగతుల్లో ఇంకో చోట ఇది నేరుగా అవసరమవుతుంది: 21/75 అంతమయ్యే దశాంశమా? హారంలో 3 ఉంది కదా అని కాదనేస్తే తప్పు. 21/75 = 7/25, హారంలో 5 తప్ప ఇంకోటి లేదు, విలువ 0.28. హారం కారణాంకాలు చూడటం కనిష్ఠ రూపానికి తెచ్చాకే చెల్లుతుంది.

పాపకు ఇవ్వడానికి కొన్ని లెక్కలు. కనిష్ఠ రూపంలో రాయమనండి: 45/75, 68/119, 121/132, 87/145, 49/225, 299/437. జవాబులు వరసగా 3/5, 4/7, 11/12, 3/5, అలాగే ఉంటుంది, 13/19. ప్రతిదాని పక్కనా తేడా రాయించండి, 68/119 దగ్గర 51, 87/145 దగ్గర 58. ఆ తేడాల్లో దాగిన 17ని, 29ని తనే పట్టుకోవాలి. 49/225లో తేడా 176 కంటే చిన్న సంఖ్యే దగ్గరి దారి: 49లో 7 తప్ప ఏమీ లేదు, 225ని 7తో భాగిస్తే 1 మిగులుతుంది.

ఖాళీలు: 21/28 = ?/20, 10/16 = 25/?, 12/15 = ?/18. మొదటిది 15, రెండోది 40. మూడోదానికి పూర్ణాంకం రాదు. 12/15 అంటే 4/5, 18 అయిదో ఎక్కంలో లేదు. ఇది లెక్క తప్పు ఇచ్చారని పాప మీ దగ్గరికి తెస్తే, కారణం కూడా తన చేతే రాయించండి.